మీరు చూసిన పక్షిని మీ దగ్గరే ఉంచుకోకండి: పరిశీలనల నమోదుపై చర్చ

చిత్తడినేల (గుంటూరు) | శనివారం, ఉదయం 7:10

మిత్రులందరికీ నమస్కారం. మన తెలుగు జిల్లాల్లో పక్షులను శ్రద్ధగా చూసేవారికి కొదవ లేదు. ఉప్పలపాడు చెరువులోకి గూడబాతులు ఏ నెలలో దిగుతాయో, పులికాట్ సరస్సులో నీరు ఎంత తగ్గితే రాజహంసలు ఒడ్డుకు దగ్గరగా వస్తాయో, పొలం గట్టు మీది తుమ్మచెట్టుకు గిజిగాడు ఏ వానల తర్వాత గూడు మొదలుపెడుతుందో చెప్పగలిగినవారు ఊరికి ఒకరైనా ఉంటారు. ఆ ఎరుకంతా నోటి మాటగానే మిగిలిపోతోందనీ, నలుగురూ చూడగలిగే జాబితాలోకి రావడం లేదనీ నా బాధ. దాని గురించి మనసు విప్పి మాట్లాడుకుందామనే ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

2023 ఆగస్టులో వెలువడిన భారతదేశ పక్షుల స్థితిగతుల నివేదికను మీలో కొందరు చదివే ఉంటారు. అందులో 942 జాతులను పరిశీలించారు. ముప్పై వేలమందికి పైగా పరిశీలకులు, చూసిన పక్షుల జాబితాలను ఎవరైనా ఎక్కించగలిగే ఈబర్డ్ అనే వెబ్‌సైటు, యాప్‌లో నమోదు చేసిన సుమారు మూడు కోట్ల పరిశీలనలు దానికి ఆధారం. వాటిని రాసినవారిలో అత్యధికులు మనలాగే ఉద్యోగాలు, వ్యవసాయం, చదువులు చేసుకుంటూ తీరిక వేళల్లో పక్షులను చూసేవారే. ఇంత సమాచారం పోగైనా, దీర్ఘకాలంలో సంఖ్య పెరిగిందా తగ్గిందా అని తేల్చగలిగింది 338 జాతుల విషయంలో మాత్రమే. వాటిలో 204 జాతులు తగ్గాయి, 98 నిలకడగా ఉన్నాయి, 36 పెరిగాయి. మిగిలిన 604 జాతుల గురించి చెప్పడానికి చాలినంత సమాచారం లేకపోయింది. తగ్గిన జాతుల సంఖ్య కన్నా ఈ 604 అనే అంకె నన్ను ఎక్కువగా కలవరపెట్టింది, ఎందుకంటే దీనిని తగ్గించడం చాలావరకు మన చేతుల్లోనే ఉంది.

హైదరాబాదు, విశాఖపట్నం పరిసరాల నుంచి జాబితాలు బాగానే వస్తున్నాయి. వాటిని దాటి లోపలి మండలాలకు వెళ్లేకొద్దీ పటం పలచబడిపోతుంది. మీరు చూసినవాటిని నమోదు చేస్తున్నారా, చేయకపోతే అడ్డు వస్తున్నదేమిటి, దయచేసి ఉన్నదున్నట్టు రాయండి.

కెమెరాకన్ను (విశాఖపట్నం) | శనివారం, ఉదయం 9:32

చిత్తడినేల గారూ, మీరు ఉన్నదున్నట్టు రాయమన్నారు కనుక రాస్తున్నాను. నేను ఎక్కువగా ఫొటోలు తీస్తాను. లంబసింగి, అనంతగిరి వైపు వెళ్లినప్పుడు మంచి పక్షి దొరికితే ఫొటోను సామాజిక మాధ్యమాల్లో పెడతాను, అక్కడితో నా పని పూర్తయిందనుకుంటాను. గోరింకలనూ కాకులనూ పావురాలనూ కూర్చుని లెక్కపెట్టి రాయడం వల్ల ఎవరికి ఏం ఒరుగుతుందో నాకు నిజంగా అర్థం కాలేదు. అరుదైన పక్షిని చూసినప్పుడు నమోదు చేయమంటే దానికొక అర్థముంది. రోజూ పెరట్లో కనిపించే పక్షుల సంఖ్య తెలుసుకుని శాస్త్రవేత్తలు ఏం చేస్తారు?

మంజీరతీరం (సంగారెడ్డి) | శనివారం, ఉదయం 11:05

కెమెరాకన్ను గారి ప్రశ్న చాలామంది మనసులో ఉన్నదే, కాబట్టి కొంచెం వివరంగా జవాబు చెబుతాను.

1980లలో మన దేశంలో రాబందు అరుదైన పక్షి కాదు. ఊరి చివర పశువు కళేబరం పడితే పదుల కొద్దీ దిగేవి. అంత మామూలు పక్షిని లెక్కపెట్టాలని ఎక్కువమందికి తోచలేదు. అయినా భరత్‌పూర్‌లోని కేవలాదేవ్ జాతీయ ఉద్యానంలో పక్షి పరిశోధకుడు విభు ప్రకాశ్ 1980ల మధ్యలో రాబందులనూ వాటి గూళ్లనూ లెక్కపెట్టి పెట్టుకున్నారు. పదేళ్ల తర్వాత అదే చోట మళ్లీ లెక్కపెట్టినప్పుడు పతనం కళ్లకు కట్టింది. పాత లెక్క లేకుంటే "ఈ మధ్య రాబందులు తగ్గినట్టున్నాయి" అన్న మాట దగ్గరే అందరూ ఆగిపోయేవారు. ఆ తర్వాత దేశవ్యాప్తంగా చేసిన గణనల్లో తొంభై శాతానికి పైగా పోయాయని తేలింది. పశువుల నొప్పికి వాడే డైక్లోఫినాక్ మందు కళేబరాల ద్వారా రాబందుల మూత్రపిండాలను దెబ్బతీస్తోందని 2004లో శాస్త్రీయంగా రుజువైంది. 2006లో పశువైద్యంలో ఆ మందును నిషేధించారు. ఈ రోజు మన తెలంగాణలో రాబందుల మాట వస్తే కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా బెజ్జూరు అడవుల్లోని పాలరాపు గుట్ట పేరు ప్రత్యేకంగా చెప్పుకోవలసి వస్తోంది. మామూలు పక్షి ఎంత త్వరగా అపురూపమైపోతుందో చూడండి.

అంత దూరం ఎందుకు, మన పాలపిట్ట సంగతే తీసుకోండి. దసరా నాడు దాన్ని చూడాలని ఊరి పొలిమేర దాకా నడుస్తాం, తెలంగాణ రాష్ట్ర పక్షిగా పెట్టుకున్నాం. కరెంటు తీగల మీద కనిపిస్తూనే ఉంటుంది కనుక దానికేమీ ముప్పు లేదనే అనుకుంటూ వచ్చాం. అదే 2023 నివేదిక ప్రకారం గత పన్నెండేళ్లలో పాలపిట్టలు సుమారు 30 శాతం తగ్గాయి. ప్రపంచ స్థాయి ముప్పు జాబితాలో దాని స్థానాన్ని తిరిగి పరిశీలించాలని ఆ నివేదిక సిఫారసు చేసింది. ఆ తగ్గుదల ఏ ఒక్కరి కంటికీ కనిపించేది కాదు. వేలమంది తమ దారిలో ఎదురైన పాలపిట్టలను, ఎదురుకాని రోజులతో సహా, రాసిపెట్టడం వల్లనే అది బయటపడింది.

మీ ఫొటోల విషయానికి వస్తే, సామాజిక మాధ్యమంలో పెట్టిన ఫొటో నాలుగు రోజుల్లో అడుగున పడిపోతుంది. అదే ఫొటోను తేదీ, చోటు, సంఖ్యలతో జాబితాకు జతచేస్తే ఇరవై ఏళ్ల తర్వాత కూడా వెతికి తీయవచ్చు. మీ దగ్గర ఉన్నది చాలా విలువైన సరుకు.

వరిచేను (తూర్పు గోదావరి) | శనివారం, మధ్యాహ్నం 2:48

నేను వ్యవసాయం చేస్తాను. దమ్ము చేసే రోజుల్లో ట్రాక్టరు వెనక ఎన్ని రకాల పక్షులు దిగుతాయో ఈ చర్చ చదువుతుంటే గుర్తుకొచ్చింది. తెల్లకొంగలు, నత్తగుల్ల కొంగలు, కంకణం పిట్టలు, గోరింకలు అన్నీ కలిసే దిగుతాయి. గేదె వీపు మీద పసులపోలిగాడు కూర్చుని, అది మేస్తూ కదిలినప్పుడు లేచే పురుగులను ఎగిరి పట్టుకుని మళ్లీ వీపు మీదకే వస్తుంది. ఇవన్నీ నాకు చిన్నప్పటి నుంచి తెలుసు గాని, ఇంగ్లీషు పేర్లు తెలియవు. ఫోనులో ఆ ఈబర్డ్ యాప్ తెరిస్తే ఏ పేరు దేనిదో నాకు బోధపడలేదు. పైగా వందల కొంగలు ఒకేసారి దిగితే ఎలా లెక్కపెట్టాలి? తప్పు లెక్క రాయడం కంటే రాయకపోవడమే మంచిదని ఊరుకున్నాను. నావంటివారికి దారి ఏదైనా ఉంటే చెప్పగలరు.

పలకాబలపం (ఖమ్మం) | శనివారం, సాయంత్రం 6:20

వరిచేను గారూ, మీరు రాసిన నాలుగు వాక్యాల్లోనే ఒక చక్కని జాబితా ఉంది. నేను ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం బోధిస్తాను. పిల్లలతో మేము చేసే పద్ధతి చెబుతాను, మీకు సరిపోతుందేమో చూడండి.

మేము మొదట ఫోను తీయము. బడి ఆవరణలోని వేపచెట్టు కింద నిలబడి పదిహేను నిమిషాలపాటు కనిపించినవాటినీ వినిపించినవాటినీ నోటుపుస్తకంలో తెలుగు పేర్లతో రాసుకుంటాం. మొన్నటి పుట ఇలా ఉంది: "ఉదయం 8:05 నుంచి 8:20 వరకు. ఒకే చోట. గోరింకలు 14, కాకులు 9, పావురాలు 22, రామచిలుకలు 6, పిగిలిపిట్టలు 2, పసులపోలిగాడు 1, జెముడుకాకి 1 (కూత మాత్రమే విన్నాం), పేరు తేలని గద్ద 1." తర్వాత తరగతి గదికి వచ్చి, బొమ్మల పుస్తకంతో పోల్చుకుంటూ ఒక్కొక్క పేరుకూ యాప్‌లో సరిపోయే జాతిని వెతికి ఎక్కిస్తాం. ఒకసారి పోల్చుకున్న జాతిని మళ్లీ వెతకనక్కర లేదు. మన చుట్టూ తరచుగా కనిపించేవి ఓ నలభై రకాలు, అవి వస్తే పని తేలికవుతుంది. మీ ఇంట్లో చదువుకునే పిల్లలుంటే వాళ్లకు ఈ పని అప్పగించండి, మీరు పేర్లు చెప్పండి, వాళ్లు ఎక్కిస్తారు.

పెద్ద గుంపును లెక్కపెట్టడానికి ఒక ఉపాయం ఉంది. ముందు ఒక అంచున పది పక్షులను విడివిడిగా లెక్కించండి. ఆ పది ఎంత మేర పరుచుకున్నాయో కంటితో కొలుచుకోండి. అలాంటి మేరలు మొత్తం గుంపులో ఎన్ని ఉన్నాయో చూస్తే ఉజ్జాయింపు సంఖ్య వస్తుంది. అది 180 అయినా 210 అయినా ఫరవాలేదు, శ్రద్ధగా వేసిన అంచనా చాలు. అసలు అంచనా వేయలేని పరిస్థితిలో సంఖ్యకు బదులు ఇంటూ గుర్తు పెడితే ఆ జాతి అక్కడ ఉందని మాత్రం నమోదవుతుంది. కాని సంఖ్య ఇవ్వగలిగినప్పుడు ఇవ్వడమే మేలు.

చివర్లో యాప్ ఒక ప్రశ్న అడుగుతుంది: మీరు గుర్తించగలిగిన పక్షులన్నిటినీ రాశారా అని. రాస్తే "అవును" అనండి. కాకులను వదిలేసి నచ్చినవి మాత్రమే రాస్తే "కాదు" అనాలి. ఈ ఒక్క జవాబు మీదే ఆ జాబితా ఉపయోగం చాలావరకు ఆధారపడి ఉంటుంది. అన్నీ రాశామని మనం చెప్పినప్పుడే, జాబితాలో లేని పక్షి అక్కడ కనిపించలేదని కూడా పరిశోధకులు తీసుకోగలరు.

నల్లమల నీడ (మార్కాపురం) | శనివారం, రాత్రి 9:15

నమోదు చేయడం మంచిదేనని నేనూ ఒప్పుకుంటాను. అయితే ఎక్కడ చూశామో లోకానికంతటికీ చెప్పడంపై నాకు గట్టి అభ్యంతరం ఉంది. మా వైపు ఒక పాత రాతి గనిలో కొమ్ము గుడ్లగూబ గూడు ఉండేది. ఎవరో ఆ గూటి ఫొటోను ఊరి పేరుతో సహా పెట్టారు. వారం తిరగకుండానే కార్లలో జనం వచ్చి పడ్డారు, పిల్లలు గూటిలో ఉండగానే రాళ్ల మీదకు ఎక్కి లైట్లు వేశారు. పెద్ద పక్షులు ఆ గని వదిలి వెళ్లిపోయాయి. గుడ్లగూబలను మూఢనమ్మకాల కోసం పట్టి అమ్మేవారు ఉన్నారు, కౌజులకూ పూరేళ్లకూ ఉచ్చులు పన్నేవారు ఉన్నారు. వాళ్లకు దారి చూపే పటం మనమే గీసి ఇస్తున్నామా అన్నది నా ప్రశ్న. కలివికోడి వంటి అత్యంత అరుదైన పక్షి ఎక్కడుందో తెలిస్తే నేనైతే ఎవరికీ చెప్పను.

చిత్తడినేల (గుంటూరు) | ఆదివారం, ఉదయం 6:55

నల్లమల నీడ గారూ, మీ ఆవేదన న్యాయమైనది. గూళ్ల విషయంలో మీ మాటే నా మాట: గూటి ఫొటో పెట్టకూడదు, గూటి చోటు రాయకూడదు, కూత వినిపించి పక్షిని రప్పించకూడదు. మిగిలిన విషయాల్లో కొన్ని జాగ్రత్తలు వ్యవస్థలోనే ఉన్నాయి. వేటకో వ్యాపారానికో గురయ్యే ప్రమాదమున్న జాతులను ఈబర్డ్ సున్నిత జాతులుగా పరిగణించి, వాటిని చూసిన కచ్చితమైన చోటును బయటివారికి చూపించదు. ఆ జాబితాలో లేని పక్షి విషయంలో మీకు అనుమానముంటే, జాబితాను కొన్ని నెలలు ఆగి, పిల్లలు గూడు విడిచాక ఎక్కించవచ్చు. తేదీ పాతదైనంత మాత్రాన విలువ తగ్గదు. జాబితా మొత్తాన్నీ ఇతరులకు కనబడకుండా దాచుకునే వీలు కూడా ఉంది.

అయితే ఎవరికీ చెప్పననే మాట దగ్గర మాత్రం మీతో విభేదిస్తాను. మీరు కలివికోడి పేరెత్తారు కనుక దాని కథే చూద్దాం. 1848లో బ్రిటిష్ పక్షిశాస్త్రవేత్త జెర్డాన్ దాన్ని శాస్త్రలోకానికి పరిచయం చేశారు. 1900 తర్వాత దశాబ్దాలపాటు ఎవరూ చూసినట్టు నమోదు లేకపోవడంతో అంతరించిందనే అనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర పక్షులు పట్టే ఐతన్నకు అది దొరికింది. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ దాన్ని గుర్తించారు. ఆ నమోదు వల్లనే శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. తర్వాత పరిశోధకులు పొదల మధ్య సన్నని మట్టిని పట్టీలుగా పరచి, రాత్రివేళ తిరిగే ఆ పక్షి అడుగుజాడలను తెల్లవారాక చూసి, అది ఏయే చోట్ల తిరుగుతోందో రాసుకున్నారు. 2005లో తెలుగుగంగ కాలువ పనులు ఆ పొదల నేలలోకి వచ్చినప్పుడు, అక్కడ కలివికోడి ఉందని చూపించే ఆధారాలు చేతిలో ఉండబట్టే కాలువ దారి మార్చగలిగారు. ఐతన్న వంటివారి ఎరుక ఆ పొదల్లోనే ఉండిపోయి ఉంటే, కాలువ తవ్వేవారికి అది ఉత్త బీడు భూమి.

ఎవరికి ఎంతవరకు చెప్పాలో విచక్షణ ఉండాలి, ఒప్పుకుంటాను. ఎక్కడా రాయకుండా పోతే మాత్రం, రేపు ఆ కొండను గనికో, ఆ చెరువును లేఅవుటుకో ఇచ్చినప్పుడు మన దగ్గర చూపించడానికి ఏమీ ఉండదు.

నల్లమల నీడ (మార్కాపురం) | ఆదివారం, ఉదయం 8:40

ఆలస్యంగా ఎక్కించే పద్ధతి నాకు ఆమోదమే. గూళ్ల విషయంలో మీరు స్పష్టంగా రాసినందుకు సంతోషం. అడవి లోపల మా వాచర్లకు తెలిసిన సంగతులు చాలా ఉన్నాయి, వాళ్లు అనుమతిస్తే వాళ్ల పేర్లను కూడా పరిశీలకులుగా చేర్చి రాస్తాను. చూసినవాడి పేరు పోయి, ఎక్కించినవాడి పేరు మిగలడం నాకు ఇష్టం లేదు.

కొల్లేటి గట్టు (ఏలూరు) | ఆదివారం, ఉదయం 10:30

నేను నీటిపారుదల శాఖలో పనిచేసి పదవీ విరమణ చేశాను. ఉద్యోగరీత్యా కాలువ గట్ల వెంట తిరిగిన రోజుల నుంచి చిన్న డైరీల్లో పక్షుల సంగతులు రాసుకునే అలవాటు ఉంది. తేదీ, ఊరు ఉంటాయి, కొన్నిచోట్ల సంఖ్య ఉంటుంది, సమయం మాత్రం చాలాచోట్ల లేదు. వీటికి ఇప్పుడు విలువ ఉందా, లేక కొత్తగా చూసినవే రాయాలా?

కొల్లేరు గురించి ఒక మాట. 1940లలో పశ్చిమ గోదావరి జిల్లా ఆరేడు దగ్గర గూడబాతుల పెద్ద స్థావరం ఉండేదని పక్షిశాస్త్రవేత్త కె.కె. నీలకంఠన్ వివరంగా రాశారు. ఆయన మలయాళీ, ఇక్కడ ఉన్న కాలంలో దాన్ని చూశారు. 1970లకు వచ్చేసరికి ఆ స్థావరం లేకుండా పోయింది. ఇప్పుడు ఆటపాకలో గూడబాతులను చూడటానికి వచ్చే కుర్రవాళ్లకు ఆరేడు సంగతి చెబితే ఆశ్చర్యపోతారు. ఆయన రాసిపెట్టకుంటే నాకూ తెలిసేది కాదు.

మంజీరతీరం (సంగారెడ్డి) | ఆదివారం, మధ్యాహ్నం 12:10

కొల్లేటి గట్టు గారూ, మీ డైరీలకు ఎంత విలువ ఉందో మాటల్లో చెప్పలేను. దయచేసి వాటిని అటక మీద పెట్టకండి. ఇటీవలి సంవత్సరాల జాబితాలు ఈబర్డ్‌లో విపరీతంగా పెరిగాయి గాని, 2000కు ముందు కాలానికి మన జిల్లాల సమాచారం చాలా తక్కువ. పెరుగుదలా తరుగుదలా తేల్చాలంటే పాత కొస కావాలి, ఆ కొస మీ చేతిలో ఉంది. సమయం తెలియకపోయినా తేదీ, చోటు ఉంటే పాత పరిశీలనగా నమోదు చేసే ఏర్పాటు అందులో ఉంది. డైరీలో లేనిదాన్ని ఊహించి నింపకండి, ఉన్నంతవరకే ఎక్కించండి. వీలైతే ఒక్కొక్క పుటనూ ఫొటో తీసి భద్రపరచండి, పురుగు పట్టినా అక్షరం మిగులుతుంది.

పాత నమోదు ఎంత దూరం పనికొస్తుందో చెప్పడానికి రెండు ఉదాహరణలున్నాయి. పక్షిశాస్త్రవేత్త సలీం అలీ 1931-32లో నిజాం రాజ్యంలో పక్షుల సర్వే చేశారు. ఈ రోజు తెలంగాణలో ఏ పక్షి గురించి మాట్లాడినా, తొంభై ఏళ్ల కిందట అది ఇక్కడ ఉండేదా అన్న ప్రశ్నకు ఆ సర్వేనే మొదట చూస్తారు. రెండోది కలివికోడి గుడ్డు. 1917లో కోలారు ప్రాంతంలో సేకరించిన ఒక గుడ్డు స్కాట్లండులోని అబర్డీన్ విశ్వవిద్యాలయానికి చేరి, అక్కడి మ్యూజియంలో ఉండిపోయింది. 2013లో డీఎన్ఏ పరీక్షతో అది కలివికోడిదేనని తేలింది. అది ఎక్కడ, ఎప్పుడు దొరికిందన్న రాత ఉండటం వల్ల, ఆ పక్షి ఒకప్పుడు కడపకు అంత నైరుతిన కూడా ఉండేదన్న ఆలోచనకు ఆధారం దొరికింది. రాత లేకుంటే అది ఉత్త పెంకు.

కెమెరాకన్ను (విశాఖపట్నం) | ఆదివారం, సాయంత్రం 4:25

రాబందుల సంగతి చదివాక నా పాత హార్డ్‌డిస్కులు తెరిచాను. ప్రతి ఫొటోలోనూ తేదీ, సమయం దాగి ఉన్నాయి కనుక నమోదు చేయడం అనుకున్నంత కష్టం కాదు. అయితే ఒక సందేహం. మా స్నేహితుడొకరు గతంలో ఒక పక్షిని నమోదు చేస్తే, ఆధారం చూపమని ఎవరో సమీక్షకుడు సందేశం పంపాడట. అతను దాన్ని అవమానంగా భావించి మానేశాడు. కూత విని పేరు చెప్పే మెర్లిన్ యాప్ చెప్పినదాన్నే రాశానని అంటాడు. యాప్ చెప్పినది చాలదా?

మంజీరతీరం (సంగారెడ్డి) | ఆదివారం, సాయంత్రం 5:50

చాలదండీ. మెర్లిన్ మంచి సహాయకారి, చెట్లలో ఏమేం కూస్తున్నాయో ఒక సూచన ఇస్తుంది. కాని పసులపోలిగాడు ఇతర పక్షుల కూతలను అనుకరిస్తుంది, దూరాన మోటారు శబ్దం కలుస్తుంది, అలాంటప్పుడు యాప్ లేని పక్షి పేరు చెప్పే అవకాశం ఉంది. అది చెప్పిన పేరును పట్టుకుని ఆ కొమ్మ వైపు చూడాలి, లేదా ఆ కూత మనకు ముందే పరిచయమై ఉండాలి. అప్పుడే రాయాలి.

ఆధారం అడగడం అవమానం కాదని మీ స్నేహితుడికి నా తరఫున చెప్పండి. ఒక జిల్లాలో ఆ నెలలో సాధారణంగా కనిపించని జాతినో, అసాధారణమైన సంఖ్యనో రాస్తే వ్యవస్థ దాన్ని గుర్తించి పక్కన పెడుతుంది, ఆ ప్రాంతపు పక్షులు బాగా తెలిసిన స్వచ్ఛంద సమీక్షకులు చూసి అడుగుతారు. వాళ్లూ మనలాగే తమ తీరిక సమయాన్ని ఇస్తున్నవారే. ముక్కు ఆకారం, రెక్క మీద పట్టీ, ఎగిరే తీరు, పక్కన ఏ పక్షి ఉంటే పోల్చుకున్నారు వంటివి రెండు వాక్యాల్లో రాస్తే చాలు. అక్కడ అంగీకరించకపోయినా ఆ పరిశీలన మీ సొంత జాబితాలో అలాగే ఉంటుంది. అయితే సమీక్షకులు కూడా కొత్తవారితో మాట్లాడేటప్పుడు ఇంకొంచెం మెత్తగా రాస్తే బాగుంటుందన్నది నా అభిప్రాయం. మొదటి జాబితాకే నిలదీసినట్టు అనిపిస్తే రెండో జాబితా రాదు.

డల్లాస్ నుంచి (టెక్సాస్) | ఆదివారం, రాత్రి 8:05

ఇక్కడ అమెరికాలో క్రిస్మస్ పక్షుల గణన 1900లో మొదలై ఇప్పటికీ సాగుతోంది. నేను ఇక్కడికి వచ్చాకే ఈ అలవాటులో పడ్డాను. ఫిబ్రవరిలో నాలుగు రోజులపాటు జరిగే పెరటి పక్షుల గణన ఇప్పుడు ప్రపంచమంతటా జరుగుతోంది, 2013 నుంచి భారతదేశం కూడా అందులో పాల్గొంటోంది. నావంటి ప్రవాసులకు ఒక మనవి: సంక్రాంతికి ఇంటికి వెళ్లినప్పుడు మీ ఊరి చెరువు దగ్గర రోజూ పదిహేను నిమిషాలు నిలబడి ఒక జాబితా రాయండి. ఇక్కడి పార్కుల్లో వేలమంది రాస్తున్నారు. మన ఊళ్లలో చాలా చెరువులకు ఇంతవరకు ఒక్క జాబితా కూడా లేకపోవచ్చు.

బీడుభూమి (అనంతపురం) | ఆదివారం, రాత్రి 10:40

చర్చ అంతా చెరువుల చుట్టూ, అడవుల చుట్టూ తిరుగుతోంది. మా సీమ బీళ్ల గురించి ఎవరూ ఎత్తలేదు కనుక రాస్తున్నాను. అప్పటి కర్నూలు జిల్లా రోళ్లపాడులో 1988లో, గడ్డినేలల్లో బతికే పెద్ద పక్షి బట్టమేకపిట్ట కోసం అభయారణ్యం ఏర్పాటు చేశారు. ఒకప్పుడు అక్కడ వాటిని చూడటానికి దేశం నలుమూలల నుంచి వచ్చేవారు. ఇప్పుడు బట్టమేకపిట్ట అక్కడ దాదాపు కనుమరుగైంది, దేశం మొత్తం మీద మిగిలినవి నూట యాభై లోపేనని అంచనా, వాటిలో అత్యధికం రాజస్థాన్‌లోనే. బీడు అంటే పనికిరాని భూమి అని రికార్డుల్లో రాసేస్తాం. చదునైన గడ్డినేలల్లో బతికే భరత పక్షులు, చలికాలంలో వచ్చి వాలే డేగలు, నేల మీదే గూడు పెట్టే పిట్టలు ఆ రాతలో ఎక్కడా కనిపించవు. సౌరవిద్యుత్ పలకలు పరచేటప్పుడు అక్కడ ఏముందని అడిగితే సమాధానం ఇచ్చే జాబితా ఒక్కటైనా ఉండాలి కదా.

మా వైపు వీరాపురంలో చింతచెట్ల మీద ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు పెడితే ఊరంతా కాపాడుకుంటుంది, అది గర్వించవలసిన విషయం. కాని అది అందరికీ తెలిసిన చోటు, ఫొటోలూ వస్తాయి, లెక్కలూ వస్తాయి. ఎవరూ వెళ్లని వేరుశనగ చేను పక్కన అరగంట నడిచి, కనిపించింది రెండు పూరేళ్లూ ఒక తీతువే అయినా రాయమని నా కోరిక. ఎండలో అరగంట నడిచి రెండే రకాలు రాయడం నిరుత్సాహంగానే ఉంటుంది. అయినా మా వైపు సమాచారం అలాగే పోగవ్వాలి, వేరే దారి లేదు.

వరిచేను (తూర్పు గోదావరి) | సోమవారం, ఉదయం 6:30

పలకాబలపం గారూ, మీరు చెప్పినట్టే నిన్న సాయంత్రం చేను గట్టు మీద చేశాను. నత్తగుల్ల కొంగలు పది అంటే ఎంత మేర వస్తాయో చూసుకుని మిగిలినవి అంచనా వేశాను. మా అమ్మాయి డిగ్రీ చదువుతోంది, తను పేర్లు వెతికి ఎక్కించింది. రెండు సందేహాలు. కాలువలో దిగిన బాతులు దూరంగా ఉండటం వల్ల ఏ రకమో తెలియలేదు, వదిలేశాం. అలా వదిలేస్తే అన్నీ రాశామని చెప్పవచ్చా? రెండోది, గట్టు మీద నడుస్తూ కొంత, నిలబడి కొంత చూశాం, దాన్ని ఏమని రాయాలి?

పలకాబలపం (ఖమ్మం) | సోమవారం, ఉదయం 7:15

చాలా సంతోషం అండీ. జాతి తెలియకపోయినా బాతు అని తెలిస్తే, యాప్‌లో జాతి తేలని బాతు అనే ఎంపిక ఉంటుంది. దాన్ని ఎంచుకుని సంఖ్య వేయండి. గద్దలకూ కొంగలకూ కూడా అలాంటి ఎంపికలున్నాయి. మీరు గుర్తించగలిగినవన్నీ రాశారు కనుక "అవును" అనడంలో తప్పు లేదు. కొంత నడిచి కొంత నిలబడితే ప్రయాణ జాబితాగా రాసి, నడిచిన దూరం వేయండి. యాప్‌లో దారి నమోదు చేసే ఏర్పాటును ఆన్ చేస్తే దూరం అదే లెక్కిస్తుంది. బయలుదేరే ముందు మీ ప్రాంతపు పక్షుల పేర్లుండే ప్యాకును ఫోనులోకి దింపుకుంటే, పొలంలో సిగ్నల్ లేకపోయినా పని ఆగదు.

అమ్మాయి పేరు మీద కూడా ఒక ఖాతా తెరిచి, జాబితాను ఇద్దరూ పంచుకోండి. అప్పుడు అది ఇద్దరి జాబితాల్లోనూ చేరుతుంది, లెక్కలో మాత్రం ఒక్కటిగానే ఉంటుంది.

చిత్తడినేల (గుంటూరు) | సోమవారం, ఉదయం 8:00

జనవరిలో ఆసియా నీటిపక్షుల గణన వస్తోంది. 1987 నుంచి ఏటా ఇదే నెలలో జరుగుతోంది. ఈ చర్చలో పాల్గొన్నవారు తమకు దగ్గరలోని ఒక చెరువునో, కాలువనో, ఉప్పుమడులనో ఎంచుకుని ఇక్కడే రాయండి, ఒకే చోటుకు ఇద్దరు వెళ్లకుండా చూసుకోవచ్చు. బీడుభూమి గారూ, గణన నీటిపక్షులదే అయినా మీరు వేరుశనగ చేల దారి రాయండి, అదే వారంలో మన జాబితాలను పక్కపక్కన పెట్టుకుందాం. నేను ఉప్పలపాడు వదిలేసి, ఇంతవరకు ఎవరూ రాయని మా ఊరి ఊరచెరువు తీసుకుంటున్నాను. కొల్లేటి గట్టు గారికి డైరీలు ఎక్కించడంలో తోడు కావాలి. ఏలూరు, భీమవరం వైపు ఉన్నవారెవరైనా ఆదివారాలు రెండు గంటలు ఇవ్వగలిగితే కింద చెప్పండి.

కెమెరాకన్ను (విశాఖపట్నం) | సోమవారం, ఉదయం 8:22

నేను విశాఖ నుంచి డైరీల పుటలు దూరంగానే ఎక్కించగలను. ఫొటోలు తీసి పంపితే ముందుగా అన్నిటికన్నా పాత డైరీతో మొదలుపెడతాను. గణనకు నా పేరున మేఘాద్రి గెడ్డ జలాశయం రాసుకోండి.